ఎరువు తాగిన కట్టయ్య

ఆ రోజు కట్టయ్య వేసుకున్న లెక్క చిన్నదే. జఫర్‌గఢ్ దగ్గరి తన ఊళ్లో తొలి బస్సెక్కి, జనగామలో డాక్టరుకు రక్తపరీక్ష కాగితం చూపించి, పొద్దుగూకకముందే వచ్చి నారుమడికి ఎరువు చల్లాలి. ఎరువు బస్తా అప్పటికే వాకిట్లోకి చేరింది. చేరాల్సింది కట్టయ్య ఒంట్లోకి సత్తువే. కొన్ని నెలలుగా మెట్టెక్కితే తొడలు వణుకుతున్నాయి, పార ఎత్తితే చేతులు జారిపోతున్నాయి. నాట్లు ముంచుకొస్తుంటే లోలోపల భయంగానే ఉంది.

డాక్టరు కాగితం చూసి, "గ్యాస్ మందేమన్న తాగుతున్నవా?" అని అడిగాడు.

"తాగుతున్న సారు. తినకముందు, తిన్నంక. నడుమల యాదికొచ్చినప్పుడు."

"పాలు, గుడ్లు?"

"గ్యాసయితదని బందు పెట్టిన."

డాక్టరు నుదురు రుద్దుకున్నాడు. ఆ తెల్లటి గ్యాస్ మందు అతిగా తాగితే తిండిలోని ఫాస్ఫేటును కడుపులోనే పట్టేసి ఒంటికి అందనివ్వదని, కండల నీరసానికి అదే కారణమని చెప్పాడు. దాన్ని మానేసి పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, పప్పు, పల్లీలు తినమన్నాడు. నీళ్లలో కలుపుకుని తాగడానికి ఫాస్ఫేట్ పొడి రాసి, మళ్లీ రక్తపరీక్షకు రమ్మన్నాడు. మొదటి మోతాదు అక్కడే తాగించారు.

రోగానికి పేరు దొరికింది, మందూ దొరికింది. కట్టయ్య ప్రాణం తేలికపడి, బస్సెక్కుతూ భార్య గట్టమ్మకు ఫోను చేశాడు.

"ఫాస్ఫేట్ తక్కువైందట. నీళ్లల్ల కలిపి తాగిన. ఇగ పరేషాన్ లేదు..."

హారన్ల మోతలో గట్టమ్మకు వినిపించినవి 'ఫాస్ఫేట్', 'నీళ్లల్ల కలిపి తాగిన' అన్న ముక్కలే. మళ్లీ అడిగేలోపే కట్టయ్య ఫోనులో చార్జింగు అయిపోయింది. ఆమె వాకిట్లోని సూపర్ ఫాస్ఫేట్ బస్తా వైపు చూసింది. మూతి విప్పి ఉంది. పొద్దున్నే తన తమ్ముడు ఐలేశ్ బీరపాదుకు దోసెడు తీసుకున్న సంగతి ఆమెకు తెలియదు.

"దుర్గన్నా, మా ఆయన ఎరువు తాగి బస్సెక్కిండు," అంటూ పక్కింటి అరుగు మీద కూలబడింది.

దుర్గయ్యకు నిదానం లేదు కానీ వైద్యం ఉంది. "మందనుకొని తాగిండేమో. పాలు పోస్తె ఇసం ఇరుగుతది. గుడ్లు గుడ తేండ్రి," అన్నాడు. వీధి మలుపు తిరిగేసరికి చెంచాడు ఎరువు చెంబెడైంది. చాయ్ హోటలు దగ్గరికి చేరేసరికి డాక్టరే దగ్గరుండి తాగించాడన్నారు.

బస్సు దిగిన కట్టయ్యను నలుగురు రెక్కలు పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టారు.

"ఏందయ్యా గిది? నాకేమైంది?"

"మాట్లాడకు, తాగు," దుర్గయ్య పాలచెంబు నోటికి ఆనించాడు.

కట్టయ్య గుటకల మధ్య ఊపిరి పీల్చుకుని, "అరే, ఫాస్ఫేట్ తాగిన, గంతే," అన్నాడు.

ఆ మాటతో కొద్దోగొప్పో అనుమానమున్నవాళ్లకు కూడా నమ్మకం కుదిరింది. రెండో చెంబు వచ్చింది. పచ్చి గుడ్లు వచ్చాయి. ఎవరో పెరుగు గిన్నెతో పరుగెత్తుకొచ్చారు. తర్వాత ఐలేశ్ దుర్గయ్యను వెంటబెట్టుకుని, కట్టయ్యను ఆటోలో పడేసుకుని, "బావా, పండకు," అని దారి పొడవునా చెంపలు తడుతూ జనగామకు తెచ్చాడు.

డాక్టరు అంతా విని, కట్టయ్య నాడి, గుండె చూసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఈయన తాగింది నేనిచ్చిన మందు. మీరు పోసింది నేను తినుమన్న తిండి. గుడ్లు మాత్రం ఉడకబెట్టుండ్రి." తర్వాత గొంతు మార్చి, "ఎవలన్న నిజంగ ఇసం తాగితె ఇట్ల ఏమీ పొయ్యకుండ్రి. సీద దవాఖానకు తీసుకరాండ్రి," అన్నాడు.

దుర్గయ్య తనను కాదన్నట్టు గోడమీది క్యాలెండరు చూశాడు.

నాట్లనాటికి కట్టయ్య తొడల వణుకు తగ్గింది. మళ్లీ చేసిన పరీక్షలో ఫాస్ఫేట్ ఉండాల్సినంత ఉంది. ఊరికి మాత్రం ఆయన ఎరువు తాగి బతికిన మనిషే. ఎవరింటికి పోయినా ముందుగా పాలగ్లాసే చేతిలో పెడుతున్నారు. చాయ్ అడిగే ధైర్యం కట్టయ్యకు ఇంకా రాలేదు.