నిశ్శబ్దానికి పోస్టేజీ అదనం

ఈ దేశంల శబ్దం ఉచితం. నిశ్శబ్దం కావాలంటె మాత్రం విదేశాల నుంచి తెప్పించుకోవాలె. పోస్టేజీ, హ్యాండ్లింగ్ చార్జీలు అదనం.

ఈ సత్యం నాకు శంషాబాద్‌ల, విమానాలు దిగే దారి కింద, కిరాయి ఇంట్ల బోధపడ్డది. మా ఇంటి మీదికెళ్లి విమానం పోతే షెల్ఫు మీది స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తాకి గలగలమంటయి. ప్లాట్లు అమ్మేటోళ్లు దీన్నే "ఎయిర్‌పోర్టుకు అతి సమీపంలో" అని బోర్డు రాసి, గజానికి ఇంత అని ఎక్కువ తీసుకుంటరు.

మా రుషికి ఎనిమిది నెలలు. విమానం చప్పుడు మొదలైందంటె నేను ఏ పనిల ఉన్నా ఉరికొచ్చి, వాని రెండు చెవులు నా రెండు చేతులతోని మూస్త. వాడు లేచి ఏడుస్తడు. "చూసిండ్రా, విమానానికి ఎట్ల భయపడుతున్నడో" అని నేనూ ఏడుస్త. మా అత్త ఈరమ్మ గోడకు ఒరిగి చూసుకుంట, "విమానం కాదే మంజులా, వాణ్ని లేపుతున్నది నువ్వే" అనేది. ఆమెకేం తెలుసు? దవాఖానల డాక్టరమ్మ కూడ వాని చెవులు మంచిగున్నయన్నది. సర్కారు దవాఖాన, పైసలు తీసుకోకుండ చెప్పింది. అసొంటి మాట ఎట్ల నమ్మాలె?

నమ్మదగిన మాట పై అంతస్తుల దొరికింది. ఇంటి ఓనరు కామాక్షక్క ఉండేది అక్కడనే. వాళ్లది కాకినాడ దిక్కు. వాళ్ల పాప చిన్మయికి ఏడాది. హాల్ల అద్దాల బీరువాల చప్పుడు వినపడకుండ పెట్టుకునే గులాబి రంగు చెవి డిప్పలు ఒక జత వేలాడుతుంటయి, ప్లాస్టిక్ కవరు తియ్యకుండ.

"ఇవి ఇక్కడ దొరికే సరుకు కాదు మంజులా. విదేశాల నుంచి తెప్పించాం. పెట్టామంటే చాలు, మా చిన్మయికి విమానమేమిటి, పిడుగు పడినా తెలియదు."

"కవరు తియ్యలేదేంది అక్కా?"

"వాడితే మాసిపోవూ? అవసరమైనప్పుడే పెడతాం."

ఆ అవసరం నేను ఎన్నడూ చూడలేదు. కాని పోస్టేజీకి ఎంతైందో ఆమె చెప్పిన తీరుకు నా చేతులు కొంగుల దాచుకున్న. బిడ్డ చెవుల కోసం అంత పోసిన తల్లి ఒక దిక్కు. ఉత్త చేతులతోని మూసే నేను ఒక దిక్కు.

మా ఆయన కొండల్ ఎయిర్‌పోర్టుల క్యాబ్ నడుపుతడు. ఫోన్ తీసుకొని ఆయన పక్కన కూసున్న. చెవి డిప్పల ధర మూడు వందల చిల్లర. ఇంత అగ్గువకు ఎట్లొస్తయి అని నాకే అనుమానమైంది. జర కిందికి జరిపితె అనుమానం తీరింది. పోస్టేజీ రెండు వేల ఆరు వందలు, హ్యాండ్లింగ్ తొమ్మిది వందలు.

"హ్యాండ్లింగ్ అంటె ఏందే?" అన్నడు.

"చేతులతోని జాగ్రత్తగ పట్టుకునుడట."

"మరి నేను ప్యాసింజర్ల సూట్‌కేసులు కాళ్లతోని ఎక్కిస్తున్ననా? మనిషిని, వాని రెండు పెట్టెలను సికింద్రాబాద్ దాక తీసుకపోతె, దిగినంక వంద తక్కువ చేసుకో అంటడు."

"పిలగాని చెవుల కంటె నీకు టైర్లు ఎక్కువైనయా?"

టైర్ల కోసం దాచిన పైసలు అవి. కారు అరిగిన టైర్లతోనే తిరిగింది. చెవి డిప్పలు విమానమెక్కినయి.

సామాను ఎక్కడున్నదో ఫోన్ల కనిపిస్తది. ఒకనాడు పొద్దుగాల "శంషాబాద్ చేరినది" అని వచ్చింది. ఆటోల పోయి తెచ్చుకునేంత దూరం. గేటు దగ్గర నిలబడ్డ. సాయంత్రానికి అది "తనిఖీ నిమిత్తం ముంబయికి పంపబడినది" అని మారింది. తర్వాత మళ్ల శంషాబాద్. అంటె, విమానం చప్పుడుకు తెప్పించిన మందు మా నెత్తి మీదికెళ్లే వచ్చి, పోయి, తిరిగి వచ్చింది. వచ్చినప్పుడల్ల, పోయినప్పుడల్ల రుషిని లేపింది. ఆ లేపుడుకు చార్జీ కట్టింది మేమే.

ఆఖరుకు కొరియర్ ఆఫీసు నుంచి ఫోన్.

"మేడమ్, మీ పార్సిల్‌పై దిగుమతి సుంకం చెల్లించవలసి ఉంటుంది."

"మూడు వందల సామానుకా సారూ?"

"సరుకు విలువ మీద, పోస్టేజీ మీద కలిపి మేడమ్. ఆ సుంకం మీ తరఫున మేమే ముందుగా కట్టాం కాబట్టి, దానికి సేవా రుసుము."

"మీరు కట్టినందుకు మళ్ల మేం కట్టాల్నా?"

"అవును మేడమ్. మీకు శ్రమ తగ్గించడానికి."

"ఆ శ్రమేదో నేనే పడత సారూ, తగ్గియ్యకుండ్రి."

"అలాంటి సదుపాయం లేదు మేడమ్."

కట్టినం. డబ్బా వచ్చింది. రుషిని అండ్ల కూసోబెట్టి ఇంకొకణ్ని కూడ కూసోబెట్టొచ్చు. లోపల కాయితాలు, కాయితాల కింద గాలి సంచులు, గాలి సంచుల కింద ఇంకో డబ్బా, అండ్ల చెవి డిప్పలు. మేం ఇన్ని వేలు కట్టింది గాలికి విమానం కిరాయి అని అప్పుడర్థమైంది. రుషికి పెట్టిన. నెత్తి మీదికెళ్లి జారి మెడల దండ లెక్క పడ్డయి. వాడు నవ్విండు.

"దాచిపెట్టు, వాని పెండ్లినాటికి సరిపోతయి" అన్నది అత్త.

కొండల్ అమ్మినోనికి ఫిర్యాదు రాసిండు. జవాబు వెంటనే వచ్చింది: "మీ సంతృప్తే మా ధ్యేయం. వస్తువును నిరభ్యంతరంగా వాపసు పంపవచ్చును. పోస్టేజీ, హ్యాండ్లింగ్ తమరే భరించవలెను."

తెల్లారి మెట్ల మీద కామాక్షక్క ఎదురైంది. "వచ్చాయటగా, ఎలా ఉన్నాయి?"

నిజం చెప్దామనే నోరు తెరిచిన. అంతల ఎంత ఖర్చయిందో యాదికొచ్చింది. "బ్రహ్మాండంగున్నయక్కా. పెట్టంగనే పండుకున్నడు" అన్న.

ఆమె నన్ను ఒక తీరుగ చూసి, "అలాగా" అన్నది.

ఖాళీ డబ్బాను, విదేశీ చిరునామా రోడ్డు దిక్కు కనిపించేటట్టు, గేటు పక్కన పెట్టిన. వానొస్తె లోపలికి తెచ్చి, ఆగినంక మళ్ల పెట్టిన.

ఒకనాడు మధ్యాహ్నం కడుపు మంట ఆగక, అసలు ఇవి పనిచేస్తయా లేదా అని నా చెవులకే పెట్టుకున్న. నా కోసమే కుట్టినట్టు సరిపోయినయి. రుషి చాప మీద పండుకున్నడు. నేను బియ్యం ఏరుతున్న. జరసేపటికి షెల్ఫు మీద గ్లాసులు వణుకుడు కనిపించింది. విమానం. కాని చప్పుడు వినపడకపాయె, నేను లేవకపోతి. రుషి పెదవులు చప్పరించి, పక్కకు ఒత్తిగిలి పండుకున్నడు. ఇంకొకటి వచ్చింది. గ్లాసులు వణికినయి. వాడు కదలలేదు.

అత్త ఏదో అంటున్నది. ఒక డిప్ప లేపిన.

"ఏంది అత్తమ్మా?"

"నేనేమంటలేను. పిలగాడు పండుకున్నడు అంటున్న."

డిప్ప మూసిన.

అప్పటి సంది దినాం మధ్యాహ్నం నేను డిప్పలు పెట్టుకుంట, రుషి నిద్రపోతడు. అత్త ఉత్తగ చెప్పిన మాటనే సుంకంతోని సహా కట్టి తెలుసుకున్న.

మొన్న గట్లనే కూసున్నప్పుడు కామాక్షక్క వచ్చి తలుపుల నిలబడ్డది. గబుక్కున ఒక డిప్ప లేపిన. ఆమె కండ్లు నా నెత్తి మీదనే ఉన్నయి. గొంతు తగ్గించి అడిగింది.

"నీకు కూడా పెద్దవే పంపాడా?"

అని, నాలుక కరుచుకున్నది. బీరువాల కవరు ఎందుకు తియ్యలేదో అప్పుడు తెలిసింది. ఇద్దరం నవ్వబోయినం. అంతల ఆమె వెనుక నుంచి శోభ వచ్చింది.

శోభది ఎదురిల్లు. ఆమె మొగడు ఎయిర్‌పోర్టు కార్గోల డబ్బాలు మోస్తడు. నిజంగ చేతులతోని పట్టుకునేది ఆయన, హ్యాండ్లింగ్ పైసలు పట్టుకునేది ఇంకెవరో. ఆమె ఒడిల నెల నిండని బిడ్డ.

"అక్కా, విమానమొస్తె మా పోరి ఉలిక్కిపడుతున్నది. కామాక్షక్క ఇవి తెప్పియ్యమంటున్నది. మా ఆయన అప్పు చేసైనా తెప్పిస్త అంటుండు. జర నిజం చెప్పు..."

కామాక్షక్క నా దిక్కు చూసింది. గేటు పక్కన నా డబ్బా ఉన్నది. పైన బీరువాల ఆమె కవరున్నది. కిరాయి పెంచే నెల కూడ దగ్గరికొచ్చింది.

లేపిన డిప్పను మెల్లగ కిందికి దించిన.

శోభ పెదవులు కదిలినయి. కామాక్షక్క పెదవులు ఇంకా ఎక్కువ కదిలినయి. ఆమె చెయ్యి పై అంతస్తు దిక్కు చూపించి, రుషి నిద్రను చూపించి, నా నెత్తిని చూపించింది. తర్వాత ఇద్దరూ నా మొఖం చూసిండ్రు.

నేను తల ఊపిన.

ఏం అడిగిండ్రో నాకెట్ల తెలుస్తది? విదేశీ సరుకు. ఒక్క ముక్క వినపడదు.