కోటగుమ్మం తెరమీద రత్తమ్మ భోజనం

కళ నాలుగు గోడల మధ్య మగ్గిపోరాదనీ, నాలుగు రోడ్ల కూడలిలో ఇరవై అడుగుల ఎత్తున వెలగాలనీ 2007వ సంవత్సరంలో రాజమండ్రిలో ఒక చరిత్రాత్మక నిర్ణయం జరిగింది. నిర్ణయించినది నగర దృశ్యకళా ప్రదర్శన సాధికార మండలి. అందులో చైర్మన్‌తో కలిపి తొమ్మిదిమంది సభ్యులు, ఒక కార్యదర్శి, ఒక బీరువా. కళాకారులు మాత్రం లేరు (పక్షపాతం రాకూడదని).

కోటగుమ్మం సెంటర్లో కొత్తగా నిలబెట్టిన ఎలక్ట్రానిక్ హోర్డింగు మీద గంటలో యాభై ఏడు నిమిషాలు పట్టుచీరలు, సిమెంటు బస్తాలు, ఇంటర్ ర్యాంకులు కనబడతాయి. మిగతా మూడు నిమిషాలూ కళ. ఆ మూడు నిమిషాలకీ నలభై ఒక్క నిబంధనలు రాశారు. యాభై ఏడు నిమిషాలకీ ఒక్క నిబంధనా అవసరపడలేదు.

ఆ మూడు నిమిషాల మీద ఆశపడినవాడు ఉదయ్‌భాస్కర్. పదిహేడేళ్ళుగా పెళ్ళి వీడియోలు తీస్తున్నాడు. మన వైపు పెళ్ళి వీడియో అంటే తాళికట్టు ఒక్కటే కాదని అందరికీ తెలుసు. బంతి భోజనాల దగ్గర కూచున్న ప్రతి మనిషీ తింటూ కనబడాలి. ఎవరి మొహమైనా తప్పిపోయిందా, ఇక ఆ రెండు కుటుంబాలకీ రాకపోకలుండవు. "మా పెదనాన్నగారు పూతరేకు తింటుంటే కెమెరా అటు తిప్పేశావంట, ఏంటయ్యా?" అని మూడేళ్ళ తర్వాత కూడా నిలదీసినవాళ్ళున్నారు. అందుకే ఉదయ్‌భాస్కర్ ఎవరినీ వదలడు. జిల్లాలో సగం జనాభా నోట్లో ముద్ద పెట్టుకుంటుండగా అతని దగ్గర రికార్డయి ఉంది.

ఆ సగంలో రత్తమ్మ లేదు. రత్తమ్మ ఎంగిలాకులు ఎత్తే మనిషి. ఆ పదిహేడేళ్ళూ అతను తీసిన దాదాపు ప్రతి పెళ్ళిలోనూ ఉంది. అందరి బంతులూ అయ్యాక, వంట గుండిగల పక్కన, మిగిలినదేదో ఆకులో వేసుకుని ఆఖర్న తింటుంది. అప్పటికి కెమెరా సంచీలోకి వెళ్ళిపోయి ఉంటుంది. ఒకరోజు ఉదయ్‌భాస్కర్‌కి ఈ సంగతి తట్టింది. తట్టగానే సిగ్గేసింది. కెమెరా మళ్ళీ బయటికి తీసి, ఆవిడ కూచుని ముద్ద కలపడం దగ్గర్నుంచి ఆకు మడిచేదాకా మూడు నిమిషాలు కదలకుండా తీశాడు.

"రత్తమ్మా, కోటగుమ్మం దగ్గర ఇరవై అడుగుల మనిషివై కనబడతావు" అన్నాడు.

"నేనా? తింటూనా? ఊరుకోండి బాబూ, సిగ్గేత్తాది!" అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మర్నాటికల్లా వీధి వీధంతటికీ చెప్పేసింది. "అందరికీ సెప్పేశానండి. ఇంక నా పరువు మీ సేతిలో ఉంది" అని కబురు కూడా పంపింది.

మండలి కార్యదర్శి విశ్వనాథ్ గారు ఆ వీడియో చూశారు. మర్యాదస్తుడు, కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి మరీ అభ్యంతరం చెప్పారు.

"బాగుందండి. కానీ ఇంత పెద్ద తెరమీద భోజనం జరుగుతుంటే చైర్మన్ గారు లేకుండా ఎలాగండి? ఆవిడొక్కత్తే తినేస్తే బయట ఏమనుకుంటారు?"

"ఇది పెళ్ళి వీడియో కాదండి, కళండి."

"కళైతే మాత్రం పెద్దలు తినకుండా ఆవిడ ముందు తినేస్తుందా? మీకు తెలియనిదేముందండీ, బంతి అన్నాక ఒక వరస ఉంటుంది."

పదిహేడేళ్ళుగా ఉదయ్‌భాస్కర్ బతికిందే ఆ వరస మీద. కనీసం చివర్నైనా రత్తమ్మ ఉంటుంది కదా అని పెద్దల బంతి ముందు తీయడానికి ఒప్పుకున్నాడు. (ఒప్పుకోకపోతే వీడియో బీరువాలోకి వెళ్ళేది. బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.)

ఆ ప్రకారం మండలి ఆవరణలో షామియానా వేసి, తొమ్మిదిమందికీ ఆకులు వేసి, కళా ప్రయోజనార్థం భోజనాలు పెట్టారు. చైర్మన్ భీమరాజు గారు బొబ్బట్టు మీద నెయ్యి సరిగ్గా కనబడలేదని రెండోసారి వడ్డించుకుని, రెండోసారి తీయించుకున్నారు. ఒక సభ్యుడు తన ఆకు చివర్న పడిందని అలిగి వెళ్ళిపోతే, బతిమాలి తీసుకొచ్చి మధ్యలో కూచోబెట్టారు. ఒక్కొక్కరి బొమ్మ కిందా పేరూ హోదా వేశారు. ఇవన్నీ పోగా రత్తమ్మకి నలభై సెకన్లు మిగిలాయి.

నలభై సెకన్లైనా చాలు అనుకున్నాడు పాపం.

అప్పుడు పదిహేడో నిబంధన బయటికొచ్చింది. తెరమీద చూపే కళ రోడ్డున పోయేవాళ్ళ దృష్టిని ఆకర్షించరాదు. ఆకర్షిస్తే ప్రమాదాలు జరుగుతాయి. దీన్ని తేల్చడానికి అప్పాజీ గారనే సభ్యుడి అధ్యక్షతన దృష్టి భద్రతా ఉపసంఘం ఉంది. ఉపసంఘం ఓ పొద్దున్న పది గంటలకి సెంటర్లో కుర్చీలు వేసుకుని పరీక్షా ప్రదర్శన జరిపించింది. సభ్యులు భోంచేస్తున్నంతసేపూ ఒక్కడంటే ఒక్కడు తలెత్తి చూడలేదు. అప్పాజీ గారు సంతృప్తిగా టిక్కులు పెట్టుకుంటూ వచ్చారు.

తెరమీదికి రత్తమ్మ వచ్చింది. ముందు ఒక ఆటో ఆగింది. లూనా మీద వెళ్తున్న టీచరమ్మ కాలు కింద పెట్టేసింది. సిటీ బస్సు కండక్టరు విజిలు నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు. "ఎంత ఆకలి మీదుందో చూడండ్రా మహాతల్లి!" అన్నారెవరో. వెనకొచ్చిన ఆటో వెళ్ళి సోడాబండిని గుద్దింది. రెండు సోడాకాయలు పగిలాయి. ఉపసంఘం అక్కడికక్కడే నివేదిక రాసింది: "ఈ భాగమునకు చూడబుద్ధి కలిగించు గుణము కలదు. తొలగించవలెను."

ఉదయ్‌భాస్కర్ వారం రోజులు ఆఫీసు చుట్టూ తిరిగాడు. చేతులు పట్టుకున్నాడు. "మొహం వద్దు, కనీసం చెయ్యైనా ఉంచండి సార్, మాటిచ్చానండి" అని బతిమాలాడు. మండలి దయతలచింది. రెండు సెకన్లు మంజూరు చేసింది.

ప్రారంభోత్సవం నాడు రత్తమ్మ కొత్త చీర కట్టుకుని వీధి వీధంతటినీ వెంటబెట్టుకొచ్చింది. బుల్లెమ్మ అనే పక్కింటావిడైతే పాలు పొయ్యి మీంచి దించేసి మరీ వచ్చింది. తెరమీద తొమ్మిదిమంది తిన్నారు, త్రేన్చారు, చేతులు కడుక్కున్నారు. ఆ తర్వాత ఒక నల్లటి చెయ్యి సాంబారన్నం ముద్ద కలిపి పైకెత్తింది. అంతే, సిమెంటు బస్తా వచ్చేసింది.

"అది నా సెయ్యే!" అని అరిచింది రత్తమ్మ.

"ఆయ్, చెయ్యి అందరికీ ఉంటాదే" అంది బుల్లెమ్మ. జనం నవ్వారు.

రత్తమ్మ నవ్వలేదు. ఉదయ్‌భాస్కర్ దగ్గరికొచ్చి మెల్లిగా అడిగింది. "ముద్ద నోట్లోకెళ్ళేదాకన్నా ఉంచాల్సింది కదు బాబూ?"

ఆ మాటకి అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

అక్కడితో ఆగినా బాగుండేది. తరవాతి సమావేశంలో ఒక సభ్యుడు తీవ్రమైన లోపం కనిపెట్టాడు. తెరమీద కనబడే అందరికీ పేర్లున్నాయి, ఆ చేతికి లేదు. ముప్ఫైమూడో నిబంధన ప్రకారం, కనబడే ప్రతి శరీర భాగానికీ సొంతదారు రాతపూర్వకంగా సమ్మతి ఇవ్వాలి. ఏడు రోజుల్లో ఇవ్వకపోతే చెయ్యి తీసేస్తారు.

ఉదయ్‌భాస్కర్ రత్తమ్మని వెంటబెట్టుకుని ఆఫీసుకెళ్ళాడు. విశ్వనాథ్ గారు యథాప్రకారం ఇద్దరికీ కుర్చీలు వేయించారు. రత్తమ్మ కూచోలేదు.

"ఈవిడదేనండి ఆ చెయ్యి. తీసినవాణ్ణి, నేనే సాక్ష్యం" అన్నాడు ఉదయ్‌భాస్కర్.

"మీరు కళాకారులండి. కళాకారుడి సాక్ష్యం తీసుకోకూడదు. ఆవిడ్ని సంతకం పెట్టమనండి."

"నాకు సంతకం రాదు బాబూ. ఏలిముద్రేత్తాను" అంది రత్తమ్మ. బల్లమీదున్న సిరా డబ్బాలో బొటనవేలు అద్ది, సమ్మతి పత్రం అడుగున గట్టిగా, చెదరకుండా వేసింది. గీతగీతా స్పష్టంగా పడింది.

విశ్వనాథ్ గారు ఆ కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూశారు. నిబంధనల పుస్తకం తిరగేశారు. కళ్ళజోడు తీసి, నిజంగానే నొచ్చుకుంటూ చెప్పారు.

"ఈ వేలిముద్ర చెల్లదండి. చెయ్యి ఎవరిదో మండలి ఇంకా తేల్చలేదు."