తొమ్మిదో కాగితం

ఆ ఇంటి పెద్దమనిషి మీద ఇల్లాలికి ఒకటే ఫిర్యాదు. సెకనులో వెయ్యోవంతు బతికే పరమాణు కేంద్రకం ఆయుష్షు చెప్పగలడు గాని, "ఐదు నిమిషాల్లో వస్తా" అంటే ఎంతసేపో చెప్పలేడు. పైగా ఆమె కూరలో ఉప్పు చూసి దించబోతే, "ఒక్కసారి కొలిచింది కొలతే కాదు" అంటాడు.

ఆ ఉదయం ఆయన పని చిన్నదే. ప్రయోగశాలలో పది పల్చటి సీసపు రేకులను డబ్బాలో సర్దాలి. ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో పెట్టడానికి ఆమె బటర్ పేపరు కత్తిరించి ఇచ్చింది.

"తొమ్మిది ముక్కలండీ. ఒక్కటి కూడా మరిచిపోకండి."

"పాతికేళ్ళుగా రేకులు సర్దుతున్నాను. నువ్వు నేర్పక్కర్లేదు."

"ఆ పాతికేళ్ళుగానే దుప్పట్లూ మడతపెడుతున్నారు. చూస్తున్నాగా."

తేలికైన కేంద్రకాలను మహావేగంతో సీసపు రేకు మీదికి విసరడం ఆయన ఉద్యోగం. కోటానుకోట్లలో ఏ ఒక్కటో సీసంతో కలిసిపోయి, బరువైన కొత్త కేంద్రకం పుడుతుంది. అలా ఎన్ని పుడతాయో ముందే చెప్పే లెక్కను ఆయనా, శిష్యురాలూ మూడేళ్ళు కూర్చుని కట్టారు. ఆ అమ్మాయి పరిశోధన గ్రంథమంతా ఆ లెక్కే. సోమవారం సమర్పించాలి.

లెక్క ప్రకారం ఒక్క రేకు పెడితే రెండు రోజుల్లో నలభై పుట్టాలి. డెబ్బై ఎనిమిది పుట్టాయి.

"సార్, రేకు మందం మళ్ళీ కొలుద్దామా?" అంది శిష్యురాలు.

"కొన్నప్పుడే కొలిచానమ్మా. తప్పు మన లెక్కదే. ప్రకృతి ఏదో కొత్త సంగతి చెబుతోంది. నీ గ్రంథం ఆపెయ్."

ఆ అమ్మాయి గ్రంథం కట్టను సొరుగులో పెట్టేసింది. ఆయన మాత్రం ఆగలేదు. పాత లెక్కను చెత్తబుట్టలో పడేసి, రెట్టింపు వచ్చేలా కొత్తది కట్టాడు. అధికారికి చెప్పాడు. అధికారి పై అధికారికి చెప్పాడు. శుక్రవారానికి సభ, వేదిక, పూలగుత్తి, మూడు ఊళ్ళ నుంచి శాస్త్రవేత్తలు తయారు.

శుక్రవారం ఉదయం ఇల్లాలు వారం బట్టలు నానబెడుతూ అలవాటుగా జేబులు తడిమింది. రేకులు సర్దిననాటి చొక్కాలో ఒక బటర్ పేపరు ముక్క! ఆయన ఫోను ఎత్తలేదు. శిష్యురాలికి చేసింది.

"అమ్మాయ్, తొమ్మిదో కాగితం ఇంట్లోనే ఉంది. రెండు రేకులు అంటుకుని జంటగా వెళ్ళాయేమో, డబ్బా చూడు."

వాడింది ఒక రేకు కాబట్టి డబ్బాలో తొమ్మిది మిగలాలి.

వేదిక మీద ఆయన "ప్రకృతి" అనే మాట ఏడోసారి అంటుండగా శిష్యురాలు డబ్బా మూత తీసి ముందు పెట్టింది. ఆయన లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఎనిమిదే.

"పాత లెక్కే సరైనది," అన్నాడు మైకులో, గొంతు సవరించుకుని. "ఈ అమ్మాయి గ్రంథం సోమవారమే వెళుతుంది. రేకుల దగ్గర చిన్న సాంకేతిక లోపం జరిగింది."

ఇంటికి వచ్చేసరికి బల్లమీద ఆ కాగితం ముక్క ఆరేసి ఉంది.

"సాంకేతిక లోపంగారూ, కాళ్ళు కడుక్కుని రండి, వడ్డిస్తాను."

ఆయన కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"తప్పు నాదే. నువ్వు చెప్పావు, నేనే వినలేదు."

"ఒక్కసారి కొలిచింది కొలతే కాదు కదండీ?"

ఆయన మళ్ళీ అన్నాడు. రెండు కొలతలూ సరిపోయాయి.