మేధావుల గది

ప్రభుత్వ బడిలో మేధావులకొక గది, మామూలు పిల్లలకొక గది పెట్టడాన్ని ఎవరో తప్పుపడుతున్నారట. అయ్యయ్యో! అంతకు మించిన మేలు ఇంకేముందండీ? మా అక్క ఇంట్లో జరిగింది వినండి, మీరే ఒప్పుకుంటారు.

అక్క బట్టలు కుడుతుంది. ఆరో తరగతి చదివే కవల కూతుళ్లు. ఏడు నిమిషాల ముందు పుట్టింది పెద్దది, తర్వాతది చిన్నది. ఇద్దర్లో ఎవరు తెలివైనవాళ్లో పదకొండేళ్లుగా కన్నతల్లికే అంతుబట్టలేదు. బడివాళ్లు నలభై నిమిషాల పరీక్ష పెట్టి తేల్చేశారు! కటాఫ్ యాభై. పెద్దదానికి యాభై వచ్చాయి, మేధావి. చిన్నదానికి నలభై తొమ్మిది, మామూలు. ఏం శాస్త్రం!

మేధావులు పదిహేను మంది. మైక్రోస్కోపు, ల్యాబ్ తాళంచెవి, ప్రశ్న అడిగితే మురిసిపోయే సైన్సు టీచరమ్మ, అన్నీ వాళ్లకే. మామూలు గదిలో అరవై మంది, గోడకు జీర్ణవ్యవస్థ పటం. పేగులున్న చోట చిరిగిపోయింది. మామూలు పిల్లలకు అన్ని పేగులెందుకు లెండి!

అక్క ఉండబట్టలేక హెడ్మాస్టరు దగ్గరకెళ్లింది. "ఒక్క మార్కే కదా సార్, చిన్నదాన్నీ ఆ గదిలో కూర్చోబెట్టండి."

"తెలివైన పిల్లలకు మంచి టీచరు లేకపోతే వెనకబడిపోతారమ్మా."

"మరి మిగతావాళ్లు?"

"వాళ్లు ఎలాగూ వెనకబడే ఉన్నారుగా!"

ఇంటికొచ్చి అక్క ఒక చొక్కాకు చేతులు తిరగేసి కుట్టేసింది.

ఆ సాయంత్రం చిన్నది తిండి ముట్టలేదు. "నేను మొద్దునా అమ్మా?" అంది. తల్లి కంచం దాని ముందుకు జరిపింది. పెద్దదే దాని జడ పట్టుకు లాగింది. "ఏడుపు ఆపి ఇటు రావే. ఇవాళ మైక్రోస్కోపులో ఉల్లిపొర చూశాం. లోపలంతా గదులే! బొమ్మ గీసి చూపిస్తా."

ఇక రోజూ అదే వరస. పెద్దది చిన్నదానికి, చిన్నది పక్కపిల్లకు, ఆ పిల్ల వెనక బెంచీకి. నెల తిరిగేసరికి కుట్టుమిషను చుట్టూ ఇరవై మంది! "సూదులున్నాయర్రా" అని మొత్తుకుంటూనే అక్క చాప పరిచేది. చిన్నది గుడ్డ కత్తిరించి మరీ భిన్నాలు చెప్పేది. ఆ ఊపులో ఎవరిదో కొత్త చొక్కా ఎనిమిదో వంతులైపోయింది!

ఏడాది చివర మళ్లీ పరీక్ష. మామూలు గదిలోంచి నలభై ఒక్కమంది కటాఫ్ దాటేశారు! చిన్నదానికి యాభై ఎనిమిది. అక్క బడి గేటు దగ్గరే ఇద్దర్నీ వాటేసుకుంది.

హెడ్మాస్టరు మాత్రం తల పట్టుకున్నాడు. ఇంతమంది మేధావులైతే ఎలా? కటాఫ్ డెబ్బైకి పెంచుదామన్నాడు. టీచరమ్మ మైక్రోస్కోపు ఎత్తుకొచ్చి వరండాలో బల్ల మీద పెట్టింది. డెబ్బై అయిదుగురూ లైను కట్టారు. చిన్నది అందరికంటే ముందు!

"వీళ్లలో మేధావులెవరో ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాడాయన.

"నాకూ తెలియడం లేదు సార్" అందావిడ, నవ్వుతూ.

చూశారా ఎంత ప్రమాదమో! అందుకే నా మాట వినండి, ఈ వడపోత మాత్రం ఆపకండి. ఆపితే ఖర్మ కాలి ఇంకో మంచి టీచర్ని వెయ్యాల్సి వస్తుంది!