పైకెళ్ళిన బావగారు

2009 జూలై ఇరవై ఒకటి, మంగళవారం పొద్దున రాయపూర్‌లో కొండలరావు ఇడ్లీ తింటూ తన ప్రయాణం సంగతి భార్య చెవిన వేశాడు.

"రేపు తెల్లారగట్ల తొలి బండికి తిల్దా ఎల్తాను. మీ తమ్ముడి మిల్లు చుట్టూ అన్నీ పొలాలే, సూర్యుడికి అడ్డం ఉండదు. గ్రహణం పట్టు నుంచి విడుపు దాకా చూసి, పదికల్లా డ్యూటీకొచ్చేస్తాను."

"గ్రహణమని లోకమంతా తలుపులేసుకుంటే, మీరు టికెట్టు కొనుక్కుని ఎదురెల్తారేటి?" అంది సుభద్ర.

ఎదురెళ్ళడానికి కారణం ఉంది. 1980లో పలాసలో పట్టపగలు చీకటి పడుతుంటే, పన్నెండేళ్ళ కొండలరావును తల్లి గదిలోకి తోసి గొళ్ళెం వేసింది. కోళ్ళు గూటికి చేరుతున్న చప్పుడు విన్నాడు గానీ ఆకాశం చూడలేదు. ఆ బాధ ఆయనకు ఇప్పటికీ తగ్గలేదు. ఈసారి కూడా తప్పిపోతే ఇక ఈ జన్మకు లేదని ఆయన నమ్మకం. అందుకే తను పనిచేసే సిల్తారా ఉక్కు ఫ్యాక్టరీలో ఒక వెల్డరును బతిమాలి నల్ల అద్దం సంపాదించాడు. దాన్ని రేకుకు బిగించి, మొహానికి కట్టుకునే ముసుగు తయారు చేసుకున్నాడు.

వాళ్ళ కాపురం మేడ మీద. పైన ప్లగ్గు కాలిపోవడంతో సాయంత్రం ఫోను కింద ఇంటి యజమాని యోగేష్ దగ్గర చార్జింగుకు పెట్టాడు. ఆరింటికి అది మోగింది. తిల్దా నుంచి బావమరిది గురునాథం. పలాస నుంచి రైసుమిల్లు పనికి వచ్చి రెండు నెలలే అయింది. హిందీ నోటికి ఒకటి రెండు ముక్కలు తప్ప రాలేదు, చెవికి సగం వచ్చింది. ఆ సగమే కొంప ముంచింది.

"జీజాజీ కహా?" అని బావగారి కోసం అడిగాడు గురునాథం.

"రావ్ సాబ్ తో ఊపర్ చలే గయే," అన్నాడు యోగేష్. మేడ మీదికి వెళ్ళాడని ఆయన భావం.

"ఊపరా?"

"హా. సాఢే పాంచ్ బజే సే సూతక్ లగ్ గయా నా!"

యోగేష్ ఐదున్నరకు పట్టిందన్న సూతక్, అక్కడివాళ్ళకు గ్రహణానికి ముందు నిష్ఠగా ఉండే వేళ. మనకు సూతకమంటే చావు మైల. బావ పోయాడనే అనుకున్నాడు గురునాథం. అక్క ఎలా ఉందని ఎలాగో అడిగాడు. పొయ్యి ఆర్పేశామని, నీళ్ళలో తులసి వేశామని, రేపు స్నానాలయ్యేదాకా ఎవరూ ముద్ద ముట్టరని యోగేష్ ఓపిగ్గా చెప్పాడు. తులసి నీళ్ళు కూడా పోసేశారన్నమాట! అవతల భోరున ఏడుపు వినిపించింది. అంతలో ఇంట్లో కరెంటు పోయింది, అరకొర చార్జింగు మీదున్న ఫోనూ పోయింది.

"మీ బావమరిదికి ఎంత భక్తి! సూతక్ అనగానే ఏడ్చేశాడు," అని యోగేష్ మెట్ల మీంచి హిందీలో మెచ్చుకున్నాడు.

"వాడికి చాదస్తం లెండి," అన్నాడు కొండలరావు.

చావుకబురు చల్లగా చెప్పే రకం కాదు గురునాథం. మిల్లులో ఉన్న తెలుగువాళ్ళందరినీ ఏడిపించాడు. మిల్లు ఆపించాడు. ఐదు మీటర్ల తెల్లగుడ్డ కొన్నాడు. ఎక్కాల్సిన మిల్లు లారీలో సరుకు దిగేసరికి తెల్లవారుజామైంది. పద్నాలుగు మందితో అతను రాయపూర్ బయలుదేరిన వేళకే కొండలరావు తిల్దా బండెక్కాడు.

ఆయన తిల్దాలో దిగేటప్పటికే సూర్యుణ్ణి ఒక అంచున ఏదో కొరికినట్టుంది. మిల్లు దాకా నడుస్తుంటే పొద్దు ఎక్కాల్సింది పోయి దిగిపోతోంది. వెలుతురు అటు పసుపూ కాదు, ఇటు బూడిదా కాదు. కాకులు మళ్ళీ చెట్లెక్కాయి. ఎప్పుడూ హోరెత్తే మిల్లు ఊపిరి ఆగినట్టుంది. "గురునాథం!" అని పిలిస్తే రేకు గోడలకు తగిలి తన గొంతే తిరిగొచ్చింది. కాళ్ళ దగ్గర నీడ తనది కాదేమో అన్నంత పలచగా ఉంది. కొండలరావుకు ఇంటికి పోదామా అనిపించింది. అయినా ముసుగు కట్టుకున్నాడు.

గోడౌను మూల నుంచి కాపలా జోగయ్య వచ్చాడు. రాత్రి కొండలరావు కోసం కన్నీళ్ళు కార్చినవాళ్ళలో అతనొకడు. ఇప్పుడు ఆ కొండలరావే, కళ్ళుండాల్సిన చోట నల్ల పలకతో, గుడ్డివెలుగులో నిలబడి ఉన్నాడు.

"జోగయ్యా, అందరూ ఏరీ?"

"మీకోసమే ఎల్లారు బాబూ. మిమ్మల్ని సాగనంపడానికి."

"నేను ఇక్కడికొచ్చేశాను గదా!"

"అదే బాబూ, నా బయ్యం."

"సరేలే, టైము లేదు. పైకి దారెటు?"

జోగయ్య ఎడంగా జరిగి గోడౌను తలుపు చూపించాడు. "ఇటే బాబూ. ఎల్లిపోండి. మరి రాకండి."

మిద్దె మెట్లున్నాయనుకుని కొండలరావు లోపల అడుగుపెట్టాడు. వెనకాల గొళ్ళెం పడింది.

అచ్చం పలాస గొళ్ళెం చప్పుడే. ఆయన తలుపు బాదాడు, అరిచాడు, చివరికి నలభై ఒక్కేళ్ళ మనిషి పన్నెండేళ్ళవాడిలా ఏడ్చాడు. బయట జోగయ్య ఆంజనేయుణ్ణి మరింత గట్టిగా తలుచుకున్నాడు.

కళ్ళు తుడుచుకుందామని ముసుగు తీసి వెనక్కి తిరిగిన కొండలరావు అలాగే ఉండిపోయాడు. తూర్పు రేకు గోడ నిండా మేకు చిల్లులు. ఒక్కో చిల్లులోంచి దూరిన వెలుగు ఎదురుగా ఉన్న ధాన్యం బస్తాల మీద ఒక్కో సూర్యుడై నిలిచింది. గుండ్రటి సూర్యుడు కాదు, నెలవంక లాంటి సూర్యుడు. ఒకటి కాదు, వందలు. అన్నీ ఒక్కసారే సన్నబడుతున్నాయి. చెయ్యి చాపితే అరచేతిలో కూడా ఒకటి పడింది. అది గోరంతయింది, గీతంతయింది, ఆగింది, మళ్ళీ నెమ్మదిగా లావెక్కింది. పలాస గదికీ పెంకుల సందులుండేవి. ఆ రోజు తలుపు వంక చూసి ఏడవడమే గానీ తను ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. కొండలరావుకు సంతోషం పట్టలేక పెద్దగా నవ్వొచ్చింది.

ఆ నవ్వు విని జోగయ్య తాళం కూడా వేశాడు.

తొమ్మిదింటికి సుభద్రను వెంటబెట్టుకుని లారీ తిరిగొచ్చింది. బావ బతికే ఉన్నాడని ఆమె తమ్ముణ్ణి ఒప్పించేసరికి గ్రహణం కాస్తా విడిచిపోయిందట. పద్నాలుగు మందీ ఆసాంతం ఆరుబయటే నిలబడ్డారు గానీ, ఏడుపు హడావుడిలో ఒక్కరూ తలెత్తి చూడలేదు.

లోపలి గొంతు గుర్తుపట్టి గురునాథం తాళం తీసి బావను వాటేసుకున్నాడు. "నా మూలంగా గ్రహణం పోయింది గదా బావా!"

"పోలేదురా. నాలుగొందల దాకా చూశాను," అన్నాడు కొండలరావు.

జోగయ్య రెండడుగులు వెనక్కి వేశాడు.

కోసిన గుడ్డ వాపసు తీసుకోనన్నాడు కొట్టువాడు. సుభద్ర దాన్ని మంచం మీద దుప్పటిగా కుట్టింది. కొండలరావుకు దాని మీద మంచి నిద్ర పడుతోంది.