వెనక గదిలో నల్ల ప్లేటు

ముందే ఒక మాట చెప్పేస్తాను. నా పేరు బ్రహ్మచారి, పెళ్లయి ఇరవై మూడేళ్లయింది. మా ఆవిడ పేరు ప్రేమమణి. పెద్దవాళ్లు కాస్త ఓపిక పట్టి, మేం పెరిగాక చూసి పేర్లు పెట్టి ఉంటే బాగుండేదని మా ఇద్దరినీ ఎరిగినవాళ్లు అంటుంటారు.

మేం ఉండేది సీతాఫల్‌మండిలో, రైలు పట్టాల పక్కన, మూడో అంతస్తులో. హాలు, పడక గది, వంటిల్లు కాక వెనకాల ఇంకో గది ఉంది. పదడుగులకు పన్నెండడుగులు. నేను చెప్పబోయే గొడవంతా ఆ గది గురించే.

ఏడాది కిందటి దాకా నేనూ మీలాంటి మామూలు మనిషినే. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బుకింగ్ క్లర్కుని. పాటలంటే ఆటోలో వినపడేవి, పెళ్లిళ్లలో భరించేవి అనుకునేవాణ్ని. అలాంటి నన్ను మా ఆఫీసుకి పార్సిల్ తీసుకోవడానికి వచ్చిన దేవానందం గారు పాడుచేశారు.

ఆ పార్సిల్ నిండా పాత గ్రామఫోన్ రికార్డులు. దేవానందం గారు మారేడ్‌పల్లిలో ఉంటారు, రిటైరైన లాజిక్ లెక్చరర్, ఒడ్డూ పొడవూ ఉన్న మనిషి. ప్రయోగ సంగీత శ్రోతల సంఘానికి అధ్యక్షులు. సంఘంలో పదకొండు మంది ఉన్నారు, పాట పాడగలిగినవాడు ఒక్కడూ లేడు. నేను మర్యాదకి ఇవేం పాటలండీ అని అడిగాను. ఆయన నా వంక జాలిగా చూసి, "పాట అని తెలిసిపోయాక ఇంక వినడానికి ఏముంటుంది?" అన్నారు. అంత లోతైన మాట నాతో అప్పటిదాకా ఎవరూ అనలేదు. నెల తిరిగేలోపు నేను పన్నెండో సభ్యుణ్ని.

సంఘంలో ఒకటే లెక్క. నీ దగ్గరున్న ఆల్బమ్ పేరు ఎంత తక్కువమందికి తెలిస్తే నీకు అంత గౌరవం. వాట్సాప్ గ్రూపులో నువ్వొకటి పెట్టగానే ఇంకొకడు "నేనూ విన్నాను" అన్నాడంటే ఆ వారం నువ్వు తల దించుకు తిరగాలి.

నేను రెజిమెంటల్ బజార్‌లో కలీముల్లా గారి పాత సామాన్ల షాపుకి వెళ్లడం షురూ చేశాను. ముందు ఒక సెకండ్‌హ్యాండ్ ప్లేయర్ కొన్నాను. దానికి స్పీడు మార్చే పుల్ల ఒకటి ఉంది, నాలుగు గాట్లు, పక్కన అంకెలు మాత్రం అరిగిపోయాయి. ఇంటికొచ్చి నాలుగు గాట్లలోనూ పెట్టి చూశాను. ఒక గాటులో ప్లేటు చాలాసేపు వచ్చింది. ఎక్కువసేపు వచ్చేదే మంచిది కదా అని పుల్ల అక్కడే ఉంచి, కదలకుండా పైన ఒక ప్లాస్టర్ అంటించాను. దెబ్బలకు వేసుకునే ప్లాస్టరే.

ఇక్కడే నేనొక సంగతి మర్చిపోయాను. ప్రేమమణి వాళ్ల నాన్నది చిలకలగూడలో మైక్‌సెట్ షాపు. పెళ్లిళ్లకు, జాతరలకు మైకు కట్టేవాడు. ఆయన స్తంభం ఎక్కి హారన్ కడుతుంటే కింద కూర్చుని ప్లేట్లు మార్చింది ఎనిమిదేళ్ల ప్రేమమణి. పెళ్లిచూపుల్లో ఈ సంగతి మా అమ్మతో చెప్పారు కూడా. నేను అప్పుడు మిర్చి బజ్జీ తింటున్నాను.

ఆల్బమ్‌లు కూరగాయల సంచీ అడుగున పెట్టి తెచ్చేవాణ్ని. మూడోసారికే ఆమె సంచీ బోర్లించింది. అందులో సొరకాయ ఒకటి, రికార్డులు నాలుగు. దొరికిపోయాక దాచడమెందుకని వెనక గదిలో అల్మారాలు పెట్టించాను. ఆర్నెల్లు తిరిగేసరికి గదిలోకి వెళ్లాలంటే మనిషి పక్కకు తిరిగి నడవాలి.

ఒక ఆల్బమ్‌లో ఇద్దరు మనుషులు ముప్పావు గంట రేకు డబ్బా ఊపుతారు. "ఎవరింట్లనో బియ్యం జల్లెడ వడుతున్నరు" అంది ప్రేమమణి వంటింట్లోంచి. ఇంకో దాంట్లో ఒకాయన ఫ్లూట్ పట్టుకుని ఊపిరి పీలుస్తూనే ఉంటాడు, ఎంతసేపు చూసినా ఊదడు. "డాక్టర్‌కు చూపియ్యమను" అంది. మూడోదానిలో రెండో వైపంతా నిశ్శబ్దం. అది మాత్రం ఆమెకు నచ్చింది. "ఇది మంచిగున్నది, రోజూ ఇదే పెట్టుండ్రి" అంది.

ఇలా ఉండగా కలీముల్లా గారు ఓ రోజు చిన్న నల్ల ప్లేటొకటి చేతిలో పెట్టారు. "సాబ్, దీని మీద కాగితం పోయింది, ఏందో నాకు సుత తెల్వదు. మూతపడ్డ ఏదో స్కూల్ సామాన్‌తోని వచ్చింది. గంట, రెండు బెంచీలు, ఇది" అన్నారు నిజాయితీగా. స్కూలు అన్న ముక్క నా చెవిన పడింది. నేనే దాన్ని లోపలికి రానివ్వలేదు. పేరు లేదు, ఊరు లేదు, ఉత్త తెల్ల కవరు. పేరే లేని ఆల్బమ్‌ని "నేనూ విన్నాను" అనగలిగేవాడు ఎవడు? బేరం ఆడకుండా కొన్నాను.

ఇంటికొచ్చి పెట్టాను. అబ్బో, ఏం చెప్పమంటారు. భూమి అడుగునుంచి వచ్చినట్టు ఒక ముసలి మగ గొంతు, మాటకీ మాటకీ మధ్య ఓ యుగం. వెనకాల ఏదో వాయిద్యం ఏడుస్తోంది, ఉండుండి ఒక దెబ్బ పడుతోంది. ఫోన్‌లో రికార్డు చేసి, ఫిన్లండ్ నుంచి తెప్పించానని ఒక చిన్న అబద్ధం జోడించి గ్రూపులో పెట్టాను.

దేవానందం గారు దాని మీద నాలుగు పేజీలు రాశారు. చావుకు ముందు ఒక వృద్ధుడు కాలాన్ని లెక్కపెట్టుకుంటున్నాడన్నారు. నాలుగో నిమిషంలో దూరంగా వినిపించే లోహపు కంపనం అయితే ఆయన్ని రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదట. నాలుగో నిమిషంలో మా కిటికీ పక్కనుంచి ఎంఎంటీఎస్ రైలు వెళ్లింది. ఆ మాట నేను చెప్పలేదు. ఆ వారమే నన్ను ఉపాధ్యక్షుణ్ని చేశారు.

సరిగ్గా అప్పుడే ప్రేమమణి మోకాళ్లు మొరాయించాయి. రోజూ పొద్దున వ్యాయామం చేయమని డాక్టరు చెప్పాడు. మా అపార్ట్‌మెంట్‌లో మోకాళ్లున్న ఆడవాళ్లు ఇంకో ఐదుగురు తేలారు. కింది ఫ్లోర్ బాలమ్మత్త, ఎదురింటి ఆఫ్షీన్, ఇంకా ముగ్గురు. కొన్నాళ్లు టెర్రస్ మీద చేశారు. బాలమ్మత్త అంకెలు లెక్కపెట్టేది, ఏడు దాకా రాగానే ఆమెకు ఎవరింటి సంగతో గుర్తొచ్చేది, లెక్క అక్కడే ఆగేది. ఆ మీదట వానలు పడ్డాయి.

"వెనక రూమ్ ఖాళీ చేయుండ్రి" అంది ప్రేమమణి.

"అది రూమ్ కాదు ప్రేమా. సంగ్రహాలయం."

"ఏదైతేంది. పొద్దుగాల ఒక్క గంట. ఆరుగురం చేతులు చాపుకునే జాగ గావాలె."

కుదరదన్నాను. గది పోతే అల్మారాలు పోతాయి, అల్మారాలు పోతే ఉపాధ్యక్షుడేం ఉంటాడు? మోకాళ్ల నొప్పులంది. నా మనసు నొప్పి సంగతేమిటన్నాను. దానికి డాక్టరు ఏ వ్యాయామం చెప్పాడని అడిగింది. మూడు రోజులు మా ఇంట్లో ఉప్మా తప్ప ఇంకో టిఫిన్ లేదు.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. దేవానందం గారంతటి మనిషి మా ఇంటికొచ్చి, ఈ గది ఎంత గొప్పదో తన నోటితో చెప్తే ఇంక ఎవరు కదిలిస్తారు? ఆదివారం పొద్దున టిఫిన్‌కి రమ్మని పిలిచాను. ప్రేమమణికి చెప్తే అలుగుతుందనుకున్నాను. అలగలేదు. సర్వపిండి చేస్తానంది, బాలమ్మత్తనీ ఆఫ్షీన్‌నీ కూడా పిలుస్తానంది. "పెద్దమనిషి చెప్తుంటే వాండ్లు సుత ఇనని" అంది. నాకు అప్పుడే అనుమానం రావాలి. ఉప్మా ఆగిన సంతోషంలో రాలేదు.

ఆదివారం వచ్చింది. ఆడవాళ్లిద్దరూ చంకలో చాపలు పెట్టుకుని వచ్చారు. కింద కూర్చుని వినడానికేమో, ఎంత భక్తి అని మురిసిపోయాను. గదిలో మధ్య జాగా కోసం ప్రేమమణి నాలుగు పెట్టెలు ముందే హాల్లోకి జరిపింది. దేవానందం గారూ నేనూ వెనక గోడ పక్కన కుర్చీల్లో కూర్చున్నాం.

ఆయన చాయ్ తాగి అల్మారాలన్నీ చూశారు. ఈ గది ఇంట్లో ఉండటం కాదమ్మా, ఈ గది చుట్టూ మీ ఇల్లు ఉందన్నారు. నేను ప్రేమమణి వంక చూశాను. ఆమె కొంగు సర్దుకుని, ఎంతో వినయంగా అడిగింది.

"సార్, ఇవన్నీ ఇంటికి దేనికన్న పనికొస్తయా?"

"అమ్మా, పనికొచ్చేది వస్తువు. పనికిరానిదే కళ. ఈ గదిలో పనికొచ్చేది ఒక్కటీ లేదు. మీవారి గొప్పతనం అదే."

"ఒక్కటన్న బయటపడితే?"

ఆయన నోరు తెరిచేలోపు నేనే అనేశాను. "ఒక్కటి బయటపడ్డా గది నీదే. సార్ సాక్షి."

"బాలమ్మత్తా, ఇన్నవు గదా" అంది ప్రేమమణి. బాలమ్మత్త తలూపి చాప పరిచింది.

నేను లేచి తెల్ల కవరులోంచి నల్ల ప్లేటు తీశాను. ప్లేయర్ మీద ముల్లు పెట్టడం నాకు తప్ప ఇంట్లో ఎవరికీ రాదని, దానికి చెయ్యి తేలిగ్గా ఉండాలని పనిలో పనిగా చెప్పాను. ముసలి గొంతు మూలుగు మొదలైంది. దేవానందం గారు కళ్లు మూసుకున్నారు. కాసేపటికి ఆయన చెంప మీద ఒక కన్నీటి బొట్టు జారింది. ఆఫ్షీన్ నెమ్మదిగా, "అంకుల్‌కు ఏమన్న తక్లీఫా?" అని అడిగింది.

ప్రేమమణి లేచింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి ప్లేయర్ దగ్గరికి వెళ్లింది. నేను వద్దు వద్దంటుండగానే గోటితో ప్లాస్టర్ ఊడబీకి, పుల్లని రెండు గాట్లు పైకి జరిపింది.

ముసలాయన పోయాడు. ఆయన స్థానంలో ఖంగుమనే ఆడ గొంతొకటి, పక్కన హుషారుగా హార్మోనియం, డ్రమ్ము. "చేతులు ముందుకు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చేతులు పైకి. ఒకటి, రెండు, మూడు, నాలుగు."

బాలమ్మత్త, ఆఫ్షీన్ అప్పటికే చాపల మీద నిలబడి చేతులు చాపారు. ప్రేమమణి వాళ్ల ముందు నిలబడింది. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"వెనక వరుసలో ఎవరూ కూర్చోకూడదు. లేవాలి" అంది రికార్డులోని టీచరమ్మ.

దేవానందం గారు లేచారు. మీరు నమ్మరు, ఎవరూ చెప్పకుండానే లేచారు. ఆ గొంతులో ఏముందో, అరవై ఐదేళ్ల లాజిక్ లెక్చరర్ చెంప మీద తడి ఆరకముందే రెండు చేతులూ పైకెత్తారు. ఆయన ఎత్తాక నేనెత్తకపోతే బాగుండదని నేనూ ఎత్తాను.

ప్లేటు అయిపోయాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అంత మంచి నిశ్శబ్దం నా మూడో ఆల్బమ్ రెండో వైపున కూడా లేదు. దేవానందం గారు ఆయాసపడుతూ, ఫిన్లండ్‌లో తెలుగు బడులున్నాయా అని అడిగారు. నేను చాయ్ తెస్తానని వంటింట్లోకి వెళ్లిపోయాను. ప్రేమమణి వెనకే వచ్చింది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"మొదటి దినమే తెలుసు. స్పీడు పదహారు మీద పెట్టి ముప్పై మూడు, నలభై ఐదు ప్లేట్లు తిప్పుతుంటే తెల్వదా? మా నాయిన ఇన్నడంటే చెవులు పిండుతుండె."

"మరి చెప్పొచ్చుగా."

"కండ్లు మూసుకొని మూలకు కూసుంటిరి. ఎనిమిది నెలలు నాకు సుత జెర ఆరామ్ దొరికె. మోకాళ్లు నొయ్యకపోతే ఇప్పటికి సుత చెప్పకపోదును."

నాకు నిజంగా సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ, బాధేసింది. మర్నాడు మిగతా ఆల్బమ్‌లు కూడా సరైన గాటులో పెట్టి విన్నాను. రేకు డబ్బా ఊపే ఇద్దరూ ఇరవై నిమిషాల్లో చక్కటి తాళం వేశారు. ఫ్లూట్ ఆయన ఊపిరి పీల్చడం అయ్యాక బ్రహ్మాండంగా ఊదాడు. ఆ నిశ్శబ్దం ఒక్కటి తప్ప అన్నీ పాటలే. నా దగ్గర ప్రయోగం అంటూ ఏదైనా ఉంటే అది ఆ ప్లాస్టరే.

అల్మారాలు హాల్లోకి, ఆల్బమ్‌లు పడక గదిలో మంచం కిందికి వెళ్లాయి. దేవానందం గారు రెండు రోజులు గ్రూపులో మాట్లాడలేదు. మూడో రోజు, శ్రోత శరీరాన్నే వాయిద్యంగా మార్చే కొత్త సంగీత శాఖను తాను సీతాఫల్‌మండిలో కనిపెట్టానని ఐదు పేజీలు రాశారు. ఎంఎంటీఎస్ గురించి మాత్రం ఆయన అభిప్రాయం మారలేదు. తర్వాత నాకు విడిగా ఫోన్ చేసి, తన మోకాళ్లు కూడా బాగాలేవని, పొద్దున క్లాసుకి రావచ్చా అని అడిగారు. ఆడవాళ్లకు మాత్రమే అని ప్రేమమణి చెప్పమంది.

నాకు మాత్రం మినహాయింపు ఉంది. ముల్లు పెట్టడానికి తేలికైన చెయ్యి నాదొక్కటే కదా, సాక్షుల ఎదుట చెప్పుకున్నాను. అందుకని రోజూ పొద్దున ఆరింటికి లేచి ప్లేటు పెట్టి, బయటికి జారుకోబోతాను. సరిగ్గా అప్పుడే టీచరమ్మ వెనక వరుస గురించి చెప్తుంది. ఆరుగురూ ఒక్కసారి వెనక్కి తిరుగుతారు. నేను చేతులు ఎత్తుతాను.

మొన్న కలీముల్లా గారి నుంచి ఫోన్ వచ్చింది. అదే స్కూల్ సామాన్లలో ఇంకో ప్లేటు దొరికిందట. చెప్పులు వేసుకుంటూనే ఇప్పుడే వస్తున్నా అన్నాను. "మీకు కాదు సాబ్, మేడమ్ చెప్పి పెట్టిండ్రు, వాళ్లకు ఇయ్యుండ్రి ఫోన్" అన్నారాయన.

ప్రేమమణి ఫోన్ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. గీతలెన్ని ఉన్నాయి, కాగితం ఉందా పోయిందా, నలభై ఐదా డెబ్బై ఎనిమిదా అని అడిగింది. తర్వాత గొంతు తగ్గించింది. "తెల్ల కవర్‌ల వెట్టి పక్కకు దాయుండ్రి. నేనొచ్చేదాక ఇంకెవ్వలకు చూపియ్యకుండ్రి." ఎనిమిది నెలలు నేను అన్న మాట అదే, అదే గొంతుతో.

ఫోన్ పెట్టేసి నా వంక చూసింది. "ఆ స్కూల్‌ల మొత్తం పద్నాలుగు ప్లేట్లు ఉండెనట. మంచం కింద జెర జాగ చేయుండ్రి" అంది.

చేస్తున్నాను.