కనకవ్వకు డబ్బా పెట్టిన శోకం

మేడిచెల్మలో మనుషులు ఏడవడం మానేసి రెండేళ్లయింది. ఆ పని ఇప్పుడు కంపెనీ చూసుకుంటుంది. చావు జరిగిన ఇంటికి వార్డు ఆఫీసు నుంచి ఒక నల్ల డబ్బా వస్తుంది. దాన్ని శవం తలాపున పెట్టి మీట నొక్కితే అదే శోకం పెడుతుంది. దాని అడుగున ఉన్న సన్నని గొట్టం నుంచి కన్నీళ్లు కారుతాయి. వాటికి గిన్నె ఇంటివాళ్లే పెట్టుకోవాలి.

ఫోన్లో వచ్చిన ఒక ప్రశ్నకు ఊరంతా ‘సరే’ అని నొక్కిన రోజు నుంచి ఎవరి కళ్లలోనూ నీళ్లు రావడం లేదు. ఉల్లిగడ్డ కోసినా రావు. మొదట్లో టీకొట్టు దగ్గర దీని గురించి గట్టిగానే మాట్లాడుకున్నారు. బీడీల కార్ఖానా గుమాస్తా ఇది మంచిదేనన్నాడు. చావు జరిగితే ఆడవాళ్లు పని ఆపి ఏడుస్తూ కూర్చునేవారు, ఇప్పుడా బాధ లేదన్నాడు. మన దగ్గర ఊరికే పట్టుకుపోయిన దాన్ని తిరిగి మనకే కిరాయికిస్తున్నారని మోటార్లు బాగుచేసే యాదగిరి అన్నాడు. ఆ మాట నిజమేనని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకుని, టీ తాగి, లేచి వెళ్లిపోయారు.

డబ్బాకు ఏడుపు నేర్పడానికి కంపెనీవాళ్లు అంతకుముందు ఊరూరా తిరిగారు. ఆడవాళ్లు ఎక్కడ ఏడిస్తే అక్కడ కూర్చుని వాళ్ల గొంతులు రికార్డు చేసుకున్నారు. చావు దగ్గర ఏడ్చిన ఏడుపూ, పెళ్లికూతుర్ని అత్తవారింటికి అప్పగించేటప్పుడు ఏడ్చిన ఏడుపూ పట్నంలో ఒకే కుప్పగా పోశారు. అదే రాగం, అవే దీర్ఘాలు. రెండు చోట్లా ఆడవాళ్లు ఒకరి మెడ మీద ఒకరు పడి ఏడుస్తారు. వేరు చేయాలని అక్కడెవరికీ తోచలేదు.

ఓదెమ్మ చెల్లెలు కనకవ్వ మంగళవారం పొద్దున చనిపోయింది. అక్కాచెల్లెళ్లిద్దరూ బీడీలు చుట్టి బతికేవారు. మొగుడు రాయమల్లు పెట్టే దెబ్బలకు ఓర్చుకోలేక కనకవ్వ వయసులో ఉన్నప్పుడే అక్క దగ్గరికి వచ్చేసింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు. పోయే ముందు ఒక్కటే అడిగింది, తన పీనుగను కూడా ఆ ఇంటికి పంపొద్దని. ఓదెమ్మ మాట ఇచ్చింది.

కంపెనీ మనిషి శ్రావణ్ కుమార్ డబ్బా తెచ్చి, చెప్పులు బయట విడిచి, మీట నొక్కాడు. డబ్బా రాగం ఎత్తుకుంది.

“పోయిరా బిడ్డా, అత్త మాట జవదాటకు బిడ్డా. కొట్టినా తిట్టినా నోరెత్తకు బిడ్డా. సచ్చినా బతికినా గా గడపే నీది బిడ్డా.”

చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు తలలు వంచుకున్నారు. గిన్నెలో నీళ్లు పడుతున్నాయి.

“ఇది సావు శోకం గాదు కొడుకా,” అంది ఓదెమ్మ. “అప్పగింతలు పెడుతున్నది. బందు చెయ్యి.”

మొదలైన ఏడుపును నడుమ ఆపే వీలు లేదని శ్రావణ్ కుమార్ మర్యాదగా చెప్పాడు. అయిపోయాక అభిప్రాయం చెప్పుకోవచ్చన్నాడు.

డబ్బా ఏది ఏడిస్తే వార్డు ఆఫీసులో అదే దాఖలవుతుంది. శోకం పెడితే శవం వల్లకాటికి పోతుంది. అప్పగింతలు పెడితే అత్తవారింటికి పోతుంది. దాఖలు కాగానే మొగుడికి కబురు దానంతట అదే వెళ్తుంది. మనిషి ఏడుపునూ ఆఫీసు ఇప్పటికీ ఒప్పుకుంటుంది, కన్నీళ్లు చూపిస్తే చాలు. ఓదెమ్మకు ఈ సంగతి తెలుసు. చెల్లెలి మీద పడి, మెడ చుట్టూ చేతులు వేసి నోరు తెరిచింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. పక్కింటామె కారప్పొడి తెచ్చి కళ్లలో కొట్టింది. కళ్లు ఎర్రబడ్డాయి. శ్రావణ్ కుమార్ వంగి చూసి, తడి లేదని రాసుకున్నాడు.

ఆ తరువాత ఫోన్లో ఆమె అభిప్రాయం అడిగారు. ఐదు చుక్కలుంటే ఓదెమ్మ ఒక్కటే నొక్కింది. ఆమె అభిప్రాయం తమకు విలువైనదని వెంటనే జవాబొచ్చింది. దాన్ని మిగతావాళ్ల అభిప్రాయాలతో కలిపి చూడగా ఏడుపు బాగున్నట్టు తేలిందని కూడా అందులో ఉంది.

మధ్యాహ్నానికి రాయమల్లు ట్రాలీ ఆటో తీసుకుని వచ్చాడు. ముసలివాడైపోయాడు. గుమ్మం బయటే నిలబడి ఫోను చూపించాడు.

“నేను అడగలే వదినె. కంపెనీ నుంచి మెసేజి అచ్చింది. తీస్కపొమ్మన్నది.”

“దాని మనసుల నీ ఇల్లు లేదు, రాయమల్లు.”

“మనసుల ఏమున్నదో నాకేం ఎరుక? దీంట్ల ఉన్నది.”

అప్పగింతలయ్యాక ఒడిబియ్యం పోయకుండా పంపకూడదు కాబట్టి ఆడవాళ్లు బియ్యంలో పసుపు కలిపారు. అందరిలోకి పెద్దదైన దుర్గవ్వ శవం కొంగు పరిచింది. ఓదెమ్మ ఆమె పక్కన కూర్చుంది.

“గా డబ్బకు గా మాటలు ఎవలు నేర్పిండ్రు పెద్దమ్మా?”

దుర్గవ్వ బియ్యం పోస్తూనే జవాబిచ్చింది. “ఎవలు నేర్పుతరు బిడ్డా, మనమే. కనకవ్వ పెండ్లినాడు నువ్వు ఏడ్సినవు, నేను ఏడ్సిన. గిదే మాట. దెబ్బలు తిని అచ్చిన పిల్లలను కంపెనీ రాకముందు ఎంతమందిని మొగని ఇంటికే మర్లగొట్టలేదు? అప్పుడు ఫోను గిట్ల లేకుండె, అంతే.”

ఓదెమ్మ కొంగు అంచులు దగ్గరికి తీసి ముడి వేసింది. మగవాళ్లు కనకవ్వను ట్రాలీలోకి ఎత్తారు. శ్రావణ్ కుమార్ డబ్బాను గుడ్డతో తుడిచి, వేరే వీధిలో చావుకు ఆలస్యమవుతోందని చెప్పి వెళ్లాడు.

ట్రాలీ మెల్లగా కదిలింది. ఓదెమ్మ దాని వెనకాలే ఊరి పొలిమేర దాకా నడిచింది. అప్పగించిన తరువాత పుట్టింటివాళ్లు అంతకంటే ముందుకు వెళ్లరు. ఆమె కూడా అక్కడ ఆగింది.